లాసాకు నడిచిన తల్లీకొడుకులు

రాత్రి రెండు గంటలు. పంతొమ్మిది గంటలుగా మంచులో నడిచి నడిచి వాళ్లిద్దరూ పశువుల కాపరుల పాత మజిలీ ఒకదాని దగ్గర చతికిలబడ్డారు. మనిషి జాడ లేదు. ఎండిన పేడ మాత్రం దొరికింది. మంట వేసుకుంటే తెల్లారేదాకా బతుకుతారు. కొడుకు చెకుముకి సంచి విప్పి రాయినీ ఉక్కుముక్కనూ కొట్టాడు. రవ్వ రాలలేదు. సంచి మొత్తం తడిసిపోయింది.

ఒంట్లో వేడి పుట్టించే ‘తుమ్మో’ సాధన నీకు వచ్చు కదా అని తల్లికి గుర్తుచేశాడు. తాను అటూ ఇటూ గంతులేస్తూ కాచుకుంటానన్నాడు. ఆమె రాయినీ, ఉక్కునూ, చిటికెడు నాచునూ బట్టల లోపల ఒంటికి ఆనించుకుని కూర్చుంది. కళ్లు మూతలు పడ్డాయి. మంటలు తనను కమ్ముకుంటున్నట్టు అనిపించింది. ఏటి మీద గడ్డకట్టిన మంచు ఫెళ్లున పగలడంతో ఉలిక్కిపడి చూసుకుంటే వేళ్లు కాలిపోతున్నంత వేడిగా ఉన్నాయి. రాయి కొట్టింది. రవ్వలు రాలాయి. నాచు అంటుకుంది.

ఆ తల్లి అలెగ్జాండ్రా డేవిడ్-నీల్. 1868లో పారిస్ పక్కన పుట్టిన ఫ్రెంచి స్త్రీ. ఈ ప్రయాణం నాటికి ఆమె వయసు 55. కొడుకు యోంగ్‌డెన్ సిక్కిం కుర్రాడు, లామా. కన్నకొడుకు కాదు. 1914 నుంచి ఆమె వెంట ఉన్న శిష్యుడు.

ఆ రోజుల్లో విదేశీయులకు టిబెట్ రాజధాని లాసాలో ప్రవేశం లేదు. అనుమతి లేకుండా టిబెట్‌లోని షిగాట్సే పట్టణానికి వెళ్లొచ్చిందని 1916లో బ్రిటిష్ వాళ్లు ఆమెను సిక్కిం నుంచే పంపించేశారు. తర్వాత చేసిన ప్రయత్నాలూ ఫలించలేదు. గుర్రాలు, నౌకర్లు, సామాన్లు ఉన్నవాళ్లు ఎవరికైనా కనపడతారు. కాలినడకన భిక్షమెత్తుకుంటూ వెళ్లే యాత్రికులను ఎవరు లెక్కపెడతారు? ఆమెకు దారి చూపించింది ఈ ఆలోచనే.

1923 అక్టోబరు చివర చైనాలోని యునాన్ నుంచి, మొక్కలు సేకరించే నెపంతో బయల్దేరారు. కాస్త దూరం వెళ్లాక కూలీలను పంపించేసి, మూటలు తామే వీపున వేసుకున్నారు. ఆ మూటల్లో ఏముంది? వంటకు ఒకే ఒక అల్యూమినియం గిన్నె. తలా ఒక చిప్ప. పలచటి గుడ్డ డేరా, చెప్పుల అడుగుకు తోలు ముక్కలు. కప్పుకోవడానికి దుప్పటి కూడా లేదు. బట్టల కింద దాచుకున్న తుపాకులూ డబ్బూ మాత్రం ఎవరి కంటా పడకూడదు. ఆమె జడకు యాక్ వెంట్రుకల సవరం కట్టి, సొంత జుట్టుకు చైనా సిరా పూసుకుంది. కోకో పొడిలో బొగ్గు నూరి మొహానికి పట్టించింది. వెన్న, ఉప్పు వేసిన టీ, వేయించిన బార్లీ పిండి. దొరికినపూట అదే భోజనం.

ఊళ్లలో మాటలన్నీ యోంగ్‌డెన్‌వే. జ్యోతిషం చెప్పేవాడు, దీవించేవాడు, ఆ పూటకు పిండీ పడుకోవడానికి చోటూ సంపాదించేవాడు. అధికారులు అడ్డుపడితే జవాబు అతనిదే. ముసలి తల్లిగా ఆమె ఓ పక్కన జపమాల తిప్పుతూ కూర్చునేది.

టిబెట్‌లోని పో ప్రాంతపు కొండల్లో అతని కాలు బెణికింది. ఆమె మోయాలని చూసింది, కానీ ఆ మంచులో సాధ్యం కాలేదు. తిండి నిండుకుంది. క్రిస్మస్ రోజుల్లో యోంగ్‌డెన్ సంచి దులిపితే బూట్లకు రాసే పంది కొవ్వు ముక్క, చెప్పుల తోలు దొరికాయి. వాటినే నీళ్లలో ఉడకబెట్టి తాగారు.

1924 ఫిబ్రవరిలో లాసా చేరారు. అక్కడ అడుగుపెట్టిన తొలి పాశ్చాత్య మహిళ ఆమే. యాత్రికుల గుంపులో కలిసి దలైలామా రాజభవనం పోతాలా ఎక్కారు. రెండు నెలలు అక్కడే ఉన్నారు, పట్టుబడలేదు.

ఈ ప్రయాణం గురించి ఆమె రాయగా 1927లో వచ్చిన పుస్తకంతో ఆమె పేరు ప్రపంచమంతా మోగింది. 1929లో యోంగ్‌డెన్‌ను చట్టప్రకారం దత్తత తీసుకుంది. అతను 1955లో, ఆమె 1969లో కన్నుమూశారు. 1973లో ఇద్దరి అస్థికలనూ వారణాసిలో గంగలో కలిపారు. ఆమె ధైర్యం గొప్పది, సందేహం లేదు. కానీ దారి పొడవునా ఆమెకు గొంతై నిలిచి, అన్నం పెట్టింది అతను. ఈ కథ ఎవరికైనా చెప్పేటప్పుడు యోంగ్‌డెన్ పేరు మరిచిపోకండి.