ఎక్స్‌టర్నల్ హార్డ్ డ్రైవ్ తనంతట తాను ఆగిపోతోందా? కారణాలు, నివారణ మార్గాలు

జంషెడ్‌పుర్: భాలుబాసాలోని ఒక ఇంట్లో పాత పెళ్లి వీడియోను ఎక్స్‌టర్నల్ హార్డ్ డ్రైవ్ నుంచే ఎడిట్ చేస్తున్నారనుకుందాం. భోజనం ముగించి తిరిగి వచ్చేసరికి డ్రైవ్ తిరగడం ఆగిపోతుంది. మళ్లీ మౌస్ నొక్కితే తెర కొన్ని సెకన్లపాటు స్తంభిస్తుంది. ఒక్కోసారి డ్రైవ్ పేరే జాబితా నుంచి మాయమై, భద్రపరుస్తున్న ఫైలు అసంపూర్ణంగా మిగులుతుంది. ఉక్కు కర్మాగారంలో కొలువుల కోసం తరలివచ్చి తరాలుగా ఇక్కడే స్థిరపడిన తెలుగు కుటుంబాల్లో, స్వగ్రామపు జ్ఞాపకాలకు అటువంటి ఫైలు ఒక్కటే ప్రతి అయితే నష్టం చిన్నది కాదు.

దీనిని అందరూ ‘నిద్ర’ అనే ఒక్క మాటతో వ్యవహరిస్తారు. నిజానికి ఆ మాట చాటున మూడు వేర్వేరు చర్యలు ఉన్నాయి. కంప్యూటర్ డిస్క్‌ను ఆపడం ఒకటి, యూఎస్‌బీ పోర్టును విశ్రాంతి స్థితికి పంపడం మరొకటి, డ్రైవ్ పెట్టెలోని చిప్ సొంత గడియారాన్ని అనుసరించి మోటారును నిలిపివేయడం మూడవది. పరిష్కారం ఫలించలేదని చాలామంది విసుగు చెందడానికి కారణం, ఒకదాని సెట్టింగ్ మార్చి మిగిలిన రెండింటినీ వదిలివేయడమే.

విండోస్ బ్యాలెన్స్‌డ్ ప్లాన్‌లో, విద్యుత్తుకు అనుసంధానమై ఉన్నప్పుడు 20 నిమిషాలు పని లేకపోతే హార్డ్ డిస్క్‌ను ఆపివేయడం సాధారణ అమరిక. కంట్రోల్ ప్యానెల్‌లోని పవర్ ఆప్షన్స్ ద్వారా అడ్వాన్స్‌డ్ సెట్టింగ్స్‌కు వెళ్లి, ‘టర్న్ ఆఫ్ హార్డ్ డిస్క్ ఆఫ్టర్’ వద్ద సున్నా ఇస్తే ‘నెవర్’గా మారుతుంది. అక్కడే యూఎస్‌బీ సెట్టింగ్స్ కింద ‘సెలెక్టివ్ సస్పెండ్’ను డిసేబుల్ చేయాలి. కొన్ని కొత్త ల్యాప్‌టాప్‌లలో ఈ ఎంపికలు కనిపించవు. డివైస్ మేనేజర్‌లో యూఎస్‌బీ రూట్ హబ్ లక్షణాలు తెరచి, విద్యుత్ ఆదా కోసం పరికరాన్ని ఆపేందుకు కంప్యూటర్‌కు అనుమతినిచ్చే గుర్తును తొలగించడం అప్పుడు ఉపకరించవచ్చు.

మ్యాక్‌లో బ్యాటరీ లేదా ఎనర్జీ విభాగంలో ‘వీలైనప్పుడు హార్డ్ డిస్క్‌లను నిద్రపుచ్చు’ అనే అర్థమిచ్చే ఎంపికను ఆపివేస్తే చాలు. లినక్స్‌లో హెచ్‌డీపార్మ్ అనే సాధనంతో నిరీక్షణ కాలానికి సున్నా ఇవ్వాలి. ఇందులో ఒక చిక్కు ఉంది: 1 నుంచి 240 వరకు అంకెలు నిమిషాలు కావు, ఒక్కొక్కటి 5 సెకన్లకు సమానం. అంటే 120 అని ఇస్తే వచ్చేది 10 నిమిషాలే.

ఇవన్నీ చేసినా డ్రైవ్ మళ్లీ అదే వ్యవధికి ఆగుతున్నట్లయితే, కారణం కంప్యూటర్‌లో కాదు, చాలావరకు పెట్టెలోని చిప్‌లోనే ఉంటుంది. అటువంటి చిప్‌లు కంప్యూటర్ పంపే ఆజ్ఞలను డ్రైవ్‌కు చేరనివ్వకపోవడం కూడా కద్దు. వెస్టర్న్ డిజిటల్ డ్రైవ్‌లకు ఆ సంస్థ యుటిలిటీస్ సాఫ్ట్‌వేర్‌లోనే స్లీప్ టైమర్ ఉంది. అటువంటి సౌకర్యం లేని డ్రైవ్‌లకు, ఆగే వ్యవధికంటే తక్కువ విరామంతో ఒక చిన్న ఫైలును డ్రైవ్‌పై రాస్తూ ఉండే ఏర్పాటు చేసుకోవచ్చు. ఫైలును చదివినంత మాత్రాన ప్రయోజనం ఉండకపోవచ్చు. ఒకసారి చదివిన ఫైలును కంప్యూటర్ తన మెమరీ నుంచే తిరిగి అందిస్తుంది కనుక డిస్క్‌కు ఆ కబురే అందదు.

అయితే అన్ని డ్రైవ్‌లనూ మేల్కొలిపి ఉంచవలసిన అవసరం లేదు. వారానికి ఒకసారి బ్యాకప్‌కు మాత్రమే వాడే డ్రైవ్‌ను మేల్కొలిపి ఉంచడం కంటే, పని పూర్తికాగానే తీసి బీరువాలో పెట్టడం మేలు. రోజంతా కొద్ది నిమిషాలకొకసారి ఆగుతూ, తిరుగుతూ ఉండే డ్రైవ్ సంగతి వేరు. ప్రతి ఆరంభంలోనూ మోటారు మామూలుకన్నా ఎక్కువ కరెంటు లాగుతుంది. యూఎస్‌బీ 2.0 పోర్టు ప్రమాణం ప్రకారం అందించేది 500 మిల్లీయాంపియర్లే. పలచని కేబుల్, బలహీనమైన హబ్ తోడైతే డ్రైవ్ టిక్కుటిక్కుమని శబ్దం చేసి ఆగిపోతుంది. ఆ లక్షణాన్ని నిద్రగా పొరబడి సెట్టింగ్‌లు వెదికేకంటే ముందుగా కేబుల్ మార్చి చూడాలి.

వేడిమిని కూడా లెక్కలోకి తీసుకోవాలి. మై పాస్‌పోర్ట్ వంటి డ్రైవ్‌లకు తయారీదారు సూచించే పరిసర ఉష్ణోగ్రత 5 నుంచి 35 డిగ్రీల సెల్సియస్. జంషెడ్‌పుర్‌లో వేసవి పగళ్లు 40 డిగ్రీలు దాటడం మామూలే. ఆ రోజుల్లో నిద్ర లేకుండా తిరిగే డ్రైవ్‌ను గుడ్డల మధ్య, టీవీ వెనుక ఇరుకు సందులో ఉంచడం తగదు.

నిద్రను ఆపిన డ్రైవ్‌ను తీసేటప్పుడు ‘ఎజెక్ట్’ చేయడం మరింత అవసరం. చిన్న ఫైలు రాసే ఏర్పాటు నడుస్తుంటే ముందుగా దానిని నిలపాలి. మార్పుల చిట్టా ఉంచుకోని ఎక్స్‌ఫ్యాట్ పద్ధతిలో ఫార్మాట్ చేసిన డ్రైవ్‌ను రాత మధ్యలో లాగివేస్తే, పాడయ్యేది ఆ ఒక్క ఫైలే కాకపోవచ్చు.