జంట మందుల క్షేమవిచారము

ఉన్మాదమును శమింపజేయు మందును, విషాదరోగమును తొలగించు మందును వేర్వేరు దేశములందు పుట్టినవి. 1952లో పారిస్ నగరమందలి సేంటాన్ చికిత్సాలయమున డిలే, డెనికర్ అను వైద్యులు క్లోర్‌ప్రోమజీను మహిమను వెల్లడించిరి. అట్టిదే మఱియొకటి లభింపగలదను ఆశతో స్విట్జర్లండులో ఇమిప్రమీనును పరీక్షించిన రోలాండ్ కూన్, అది ఉన్మాదమున కంతగా పనికిరాకున్నను విషాదగ్రస్తులను తేర్చుచున్నదని కనిపెట్టి 1957లో ప్రకటించెను.

ఈ రెండు తెగలను జతపఱచుటకు ఎంతో కాలము పట్టలేదు. 1960ల దశకమున అమెరికాలో ఉన్మాదశామకమగు పెర్ఫెనజీను, విషాదహరమగు అమిట్రిప్టిలీను ఒకే మాత్రలో ఇమిడి విపణికి వచ్చెను. ఆ జోడింపు వృథాప్రయాస కాదు. భ్రమలతో కూడిన విషాదరోగమునందు 1985లో స్పైకర్ ప్రభృతులు పరీక్షింపగా, పెర్ఫెనజీను మాత్రమే సేవించినవారిలో నూటికి 19 మందికి, అమిట్రిప్టిలీను మాత్రమే సేవించినవారిలో 41 మందికి, రెండును సేవించినవారిలో 78 మందికి గుణము కనబడెను.

అయితే మాత్ర ముందు వెలసినది, దాని లోగుట్టు పిమ్మట తెలిసినది. ఉన్మాదశామకములు విషాదహరములు దేహమున విఱుగుటను అడ్డగించునని 1972లో గ్రామ్, ఓవరో అను డేనిష్ పరిశోధకులు చూపిరి. కాలేయమున సిప్ 2డి6 అను ఎంజైము ఈ మందులను పెక్కింటిని విఱుచును. ఒకటి దానిని ఆక్రమించుకొన్నచో రెండవది విఱుగక రక్తమున పేరుకొనును. అందుచేత వైద్యుడు మితముగనే వ్రాసినను రోగి దేహమునకది అతిమాత్రయై, నోరెండును, మలబద్ధకము కలుగును, లేచి నిలువబోగా కన్నులు చీకట్లు క్రమ్మును. అంతకంటె ఘోరము థయోరిడజీను కథ: గుండె లయను చెఱచు ఆ ఉన్మాదశామకము ఫ్లూఆక్సెటీను అను విషాదహరముతో కలిసినచో ప్రాణాపాయకరమని 2000లో అమెరికా ప్రభుత్వము హెచ్చరించెను; 2005లో దాని మూల తయారీసంస్థయే దానిని ఉపసంహరించెను.

మన దేశమున, డెన్మార్కు సంస్థ తయారుచేసియు స్వదేశమున అమ్మని ఫ్లుపెంటిక్సాల్, మెలిట్రాసిన్‌ల జంటమాత్రను 2012లో పార్లమెంటు స్థాయీసంఘము ఆక్షేపింపగా, 2013లో ప్రభుత్వము నిలిపివేసెను. ఇది న్యాయమే యని నా అభిప్రాయము.

అట్లని జంటలన్నియు దోషభూయిష్ఠములు కావు. 2003లో అమెరికాలో అనుమతి పొందిన ఓలాంజపీను అను ఉన్మాదశామకము, ఫ్లూఆక్సెటీనుల జంటలో మొదటిది ముఖ్యముగా వేఱొక ఎంజైముచే విఱుగుటచేత ఒకదాని కొకటి అంతగా అడ్డురావు. కాని శరీరపు బరువును, రక్తమందలి చక్కెరను కనిపెట్టియుండవలెను. కావున ఇట్టి మందులు వాడువారు భయపడి తమంతట తాము మానక, తాము పుచ్చుకొను ప్రతి మందును వైద్యునకు చెప్పి, ఈసీజీ, రక్తపరీక్షల అగత్యమును అడిగి తెలిసికొందురు గాక.