పుట్టుమచ్చ – మెలనోమా: భేదనిర్ణయంలో జన్యుపరీక్షల చరిత్ర

ఒక పుట్టుమచ్చ నిరపాయకరమైనదా, లేక మెలనోమా అనే చర్మ క్యాన్సరా అన్న ప్రశ్నకు వైద్యులు చాలాకాలం సూక్ష్మదర్శినిలోనే సమాధానం వెతికారు. ఆ పద్ధతికి గల పరిమితిని అమెరికన్ పాథాలజిస్టు సోఫీ స్పిట్జ్ 1948లో ప్రచురించిన వ్యాసం బయటపెట్టింది. ఆమె 13 మంది పిల్లల కణుతులను వివరించారు. కణస్వరూపాన్ని బట్టి అవి మెలనోమాలే. కానీ ఆ పిల్లల్లో మరణించినది ఒక్కరే. ఆమె వాటిని బాల్య మెలనోమాలన్నారు. అలాంటి కణుతుల్లో అత్యధికం నిరపాయకరమని తేలాక అవి ‘స్పిట్జ్ మచ్చలు’గా స్థిరపడ్డాయి. పేరు మారింది గాని చిక్కు తీరలేదు. మెలనోమాను మచ్చగా భావిస్తే ప్రాణాపాయం; మచ్చను మెలనోమాగా భావిస్తే పసిబిడ్డకు అనవసరపు శస్త్రచికిత్స.

1990ల చివర బోరిస్ బాస్టియన్ బృందం రూపాన్ని వదలి క్రోమోజోముల లెక్కను చేపట్టింది. కణుతి డీఎన్ఏకు ఒక రంగు, సాధారణ డీఎన్ఏకు మరొక రంగు అద్ది పోల్చితే ఏ క్రోమోజోము భాగం పెరిగిందో, ఏది లోపించిందో తెలుస్తుంది. 2003లో ఈ బృందం ప్రకటించిన ఫలితాల్లో 132 మెలనోమాలలో 96.2 శాతం అటువంటి మార్పులు చూపాయి. 54 నిరపాయకర మచ్చల్లో మార్పులున్నవి 7 మాత్రమే. అవన్నీ స్పిట్జ్ మచ్చలే. వాటిలో ఆరింటిలో 11వ క్రోమోజోము పొట్టి భుజం ఒక్కటే అదనంగా ఉంది. ఆ విధమైన మార్పు ఏ మెలనోమాలోనూ కనబడలేదు.

ఒకే జన్యువుతో తేల్చవచ్చునన్న ఆశ మాత్రం ఎంతోకాలం నిలవలేదు. బీ-రాఫ్ జన్యువులోని ఉత్పరివర్తనం మెలనోమాలో విరివిగా ఉందని 2002లో వెల్లడైంది. మరుసటి ఏడే అది సాధారణ మచ్చల్లో సుమారు 80 శాతంలోనూ కనబడింది! ఉత్పరివర్తనం మచ్చను మొదలుపెడుతుంది. అది ఒక్కటే క్యాన్సరుగా మార్చదు.

2009లో 6, 11 క్రోమోజోములపై నాలుగు మెరిసే గుర్తులతో చేసే పరీక్ష, 2015 నాటికి 23 జన్యువుల వ్యక్తీకరణను కొలిచే పరీక్ష వెలువడ్డాయి. మొదటిదాని ప్రామాణీకరణలో మెలనోమాను పట్టే శక్తి 86.7 శాతం, మచ్చను మచ్చగా గుర్తించే శక్తి 95.4 శాతం. అయితే ఇటువంటి అంకెలు ప్రధానంగా పాథాలజిస్టుల నిర్ణయం స్పష్టంగా ఉన్న నమూనాలపై వచ్చినవి. వారే తేల్చలేని కణుతికి అవి అంతే నమ్మకంగా వర్తిస్తాయనలేం. సూక్ష్మదర్శినికి ప్రత్యామ్నాయంగా పిలిచిన పరీక్షకు సూక్ష్మదర్శినే కొలబద్ద కావడం ఈ చరిత్రలోని విచిత్రం. రోగులను ఏళ్ల తరబడి అనుసరించడమే గట్టి రుజువు. అటువంటి సమాచారం సేకరించడం కష్టం.

స్పిట్జ్ కణుతులలో ఏఎల్‌కే, ఆర్‌ఓఎస్1 వంటి జన్యువులు ఇతర జన్యువులతో అతుక్కుపోతాయని 2014లో తేలింది. కానీ ఆ అతుకులు నిరపాయకర మచ్చలు, సందిగ్ధ కణుతులు, స్పిట్జ్ రకపు మెలనోమాలు మూడింటిలోనూ కనబడ్డాయి. కణుతి ఏ కుటుంబానికి చెందినదో అవి చెబుతాయి. ప్రమాదాన్ని అంచనా కట్టడానికి పాథాలజిస్టులు 9వ క్రోమోజోము పొట్టి భుజంలోని ఒక భాగం రెండు ప్రతులూ లోపించాయా, టెర్ట్ జన్యు నియంత్రక భాగం మారిందా అని విడిగా చూస్తున్నారు.