‘ఇత్యమరః’ నుంచి చదరపు బ్రాకెట్ల దాకా

వరంగల్‌లో ఇద్దరు విద్యార్థుల పరిశోధన పత్రాలు పక్కపక్కన పెట్టి చూడండి. ఇంజినీరింగ్ పత్రంలో వాక్యం చివర చదరపు బ్రాకెట్‌లో ఒక అంకె ఉంటుంది. తెలుగు సిద్ధాంత గ్రంథంలోనైతే పుట అడుగున పాదసూచిక, చివర ఉపయుక్త గ్రంథసూచి కనిపిస్తాయి. అదే పుస్తకం వెంటనే మళ్ళీ వస్తే ‘పైదే, పుట 45’ అంటారు. ఇదంతా ఇంగ్లీషు చదువులతో వచ్చిన తంతు అనుకుంటాం గానీ, అది సగమే నిజం.

మెదక్ జిల్లాలోని కొలిచెలమ ఊరి పేరే ఇంటిపేరుగా గల మల్లినాథసూరి 14-15 శతాబ్దాల నాటివాడు. కాళిదాసు, భారవి, మాఘుడు, శ్రీహర్షుల కావ్యాలకు వ్యాఖ్యలు రాశాడు. మూలం లేనిది ఒక్కటీ రాయను, అక్కర్లేనిది చెప్పను అని ముందే ప్రతిజ్ఞ చేసి మరీ మొదలుపెట్టాడు. మాటకు అర్థం చెప్పగానే ‘ఇత్యమరః’ అంటాడు, అమరకోశంలో ఉందని. ‘ఇతి విశ్వః’, ‘ఇతి యాదవః’ కూడా అలాంటివే. రెండు మాటల్లో పూర్తయిన ఉటంకింపు! ఓరుగల్లులో ప్రతాపరుద్రుడి ఆశ్రయంలో విద్యానాథుడు రాసిన ‘ప్రతాపరుద్రీయా’నికి ‘రత్నాపణం’ వ్యాఖ్య రాసిన కుమారస్వామి ఈ మల్లినాథుడి కొడుకే.

వీళ్ళు పుట సంఖ్య ఇవ్వలేదేం అంటే, తాళపత్ర గ్రంథంలో ఇచ్చి లాభం లేదు. ఒక ప్రతిలో పదో ఆకున ఉన్నది మరో ప్రతిలో పన్నెండో ఆకున ఉండొచ్చు. పైగా చదివేవాడికి అమరం కంఠస్థం. కావ్యాలకైతే పర్వం, ఆశ్వాసం, పద్యం సంఖ్య చాలు. ఏ ప్రతి తెరిచినా కాస్త అటూ ఇటూగా దొరుకుతుంది. అచ్చుయంత్రం వచ్చి ఒక ముద్రణ ప్రతులన్నిట్లో ఒకే పుట సంఖ్య వేశాకే ‘పుట 45’ అనడానికి అర్థం వచ్చింది.

ఇంగ్లీషు చదువులతో వచ్చిన మిగతా సగానికొస్తే, రచయిత పేరు, ప్రచురణ సంవత్సరం కుండలీకరణాల్లో పెట్టే పద్ధతికి తొలి ఉదాహరణగా 1881 నాటి ఒక పత్రాన్ని చూపిస్తారు. హార్వర్డ్ జంతుశాస్త్రవేత్త ఎడ్వర్డ్ లారెన్స్ మార్క్ పెంకులేని నత్త మీద రాసినది అది. హార్వర్డ్ పద్ధతి అన్న పేరు అలా వచ్చింది. అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్తల సంఘం (ఏపీఏ) 1929లో ఏడు పుటల సూచనలు ప్రచురించింది. ఆ ఏపీఏ నియమావళి 2019 నాటి ఏడో కూర్పుకు 400 పుటలు దాటింది. కామా ఎక్కడ, చుక్క ఎక్కడ అని చెప్పడానికి అన్ని పుటలా అంటే, నాకైతే అతిగానే తోస్తుంది.

ఇంజినీర్ల ఐఈఈఈ పద్ధతిలో అంకెలు పత్రంలో ప్రస్తావించిన వరుసలో నడుస్తాయి. మధ్యలో కొత్త ఆధారం ఒకటి చేరిస్తే ఆ తర్వాతి అంకెలన్నీ మారాలి. 1980లలో బిబ్‌టెక్, 2006లో జొటెరో అనే సాఫ్ట్‌వేర్లు వచ్చాక ఆ చాకిరీ యంత్రం నెత్తిన పడింది.

2018లో యూజీసీ నిబంధనలతో ఆధారం చూపడం క్రమశిక్షణ వ్యవహారం కూడా అయింది. ఇతరుల రాతతో పోలిక 10 శాతం దాకా ఉంటే శిక్ష లేదు. 60 శాతం మించితే రిజిస్ట్రేషనే రద్దు. సక్రమంగా పేరు చెప్పి ఉటంకించినది మాత్రం ఆ లెక్కలోకి రాదు. అయితే గ్రంథసూచిలో అట్ట తిప్పని పుస్తకాలు చేర్చి బరువు పెంచితే పోలికను లెక్కగట్టే సాఫ్ట్‌వేర్ పట్టుకోలేదు. మల్లినాథుడి ప్రతిజ్ఞలో ఎక్కువగా తప్పుతున్నది ఆ రెండో సగమే.

ఇక పేర్ల తంటా వేరే. గ్రంథసూచిలో ఇంటిపేరు ముందు రాయమంటాయి ఏపీఏ వంటి పాశ్చాత్య పద్ధతులు. మనం పుట్టినప్పటినుంచీ రాస్తున్నది అలాగే కదా! అయినా ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’ రాసిన సురవరం ప్రతాపరెడ్డి పేరును తిరగేసి ‘ప్రతాపరెడ్డి, సురవరం’ అని రాసేవాళ్ళున్నారు. చివరి మాటే ఇంటిపేరనుకునే సాఫ్ట్‌వేర్‌కు ఆయన పేరును ఇంగ్లీషులో మూడు ముక్కలుగా ఇస్తే ‘రెడ్డి, ఎస్. పి.’ అయిపోతాడు. అకారాది పట్టికలో ఆయన్ని ‘స’లో వెతకాలో, ‘ప’లో వెతకాలో, ‘ర’లో వెతకాలో ఆ పత్రం రాసినవాణ్ణే అడగాలి.