నీలగిరి తైలం – ఒక పేరు వెనుక చరిత్ర

జలుబు చేసినప్పుడు రుమాలు మీద రెండు చుక్కలు వేసుకుని పీల్చే నీలగిరి తైలం మనందరికీ తెలిసినదే. అయితే ఆ తైలాన్నిచ్చే చెట్టు నీలగిరులది కాదు, ఆస్ట్రేలియాది. 1843లో ఒక ఆంగ్ల సైనికాధికారి దానిని ఆ కొండలమీదికి తెచ్చాడు. తెల్లదొరల ఇళ్ళలో చలిమంటలకు వంటచెరకు కావలసివచ్చి, త్వరగా పెరిగే ఆ చెట్టును విరివిగా నాటారు. వలస వచ్చిన చెట్టు చివరికి కొండ పేరునే తన పేరుగా చేసుకున్నది. ఉదకమండలం చూడబోయే మిత్రులు ఈ ఒక్క పేరు గుర్తుంచుకుంటే, అక్కడి తోటల చరిత్ర సగం తెలిసినట్లే.

తోటలకు పూర్వం ఆ పీఠభూమి గడ్డినేల. కొండమడతలలో మాత్రం షోలా అనబడే గుబురైన చిట్టడవులు ఉండేవి. ఆ గడ్డిమీద తోడాలు గేదెలను మేపుకునేవారు. కోతలు కుండలు, పనిముట్లు చేసేవారు. బడగలు సేద్యం చేసేవారు. అడవి అంచులలో కురుంబలు ఉండేవారు. వీరందరి నడుమ ఇచ్చిపుచ్చుకోవడాలు సాగేవి. బడగ అంటే ఉత్తరాదివాడు. మైసూరు వైపునుండి వచ్చినవారు గనుక వారికా పేరు. తమిళులు మనలను వడుగులని పిలిచినదీ ఈ అర్థంలోనే! ఉదకమండలం అనే రూపం చూసి సంస్కృత పదమనుకుంటాము గాని, ఆంగ్లేయులు పలికిన ఊటకమండ్ చివరనున్నది తోడాల పల్లెకు పేరైన 'మందు'. పశువులను చెప్పే మన 'మంద' దీనికి చుట్టమే. తోడాల భాష మన ద్రావిడ కుటుంబంలోనిదే కదా!

1799లో శ్రీరంగపట్నం పతనమైన పిదప ఈ కొండలు కుంపిణీ వశమయినవి. 1819లో కోయంబత్తూరు కలెక్టరు జాన్ సల్లివాన్ కొండనెక్కి, కోటగిరి దగ్గర దింహట్టిలో ఇల్లు కట్టించాడు. తరువాత ఉదకమండలంలో రాతిభవనం కట్టించి, చెరువు త్రవ్వించి, సీమ కూరగాయలు పండించాడు. ఆ నేలమీద తోడాలకు స్వామ్యహక్కు ఉన్నదని వాదించినవాడు కూడా అతడే. గవర్నరు లషింగ్టన్ అందుకు ఒప్పుకోలేదు. హక్కును గుర్తించినవాడే ఆ హక్కు కరిగిపోవడానికి దారి వేశాడు. ఊరు పెరిగినకొద్దీ మేతనేల తరిగింది.

1848లో క్యూ ఉద్యానవనంనుండి మెకైవర్ అనే తోటపని నిపుణుడు వచ్చాడు. నేడు యాత్రికులు తండోపతండాలుగా చూసే వృక్షశాస్త్ర ఉద్యానాన్ని కొండవాలుమీద అంచెలంచెలుగా తీర్చిదిద్దింది అతడే. 1860 ప్రాంతంలో చలిజ్వరం మందుకోసం సింకోనా సాగు మొదలయింది. 1874లో కూనూరులో సిమ్స్ పార్కు వెలసింది. 1899లో కూనూరుకు, 1908లో ఉదకమండలానికి పళ్ళచక్రాల రైలు చేరింది. 16 సొరంగాలు, 250 వంతెనలు గల ఆ మార్గాన్ని యునెస్కో 2005లో ప్రపంచ వారసత్వ సంపదలో చేర్చింది.

ఈ కథలో మనకూ ఒక పాలు ఉన్నది. 1870నుండి ఉదకమండలం మద్రాసు ప్రభుత్వానికి వేసవి రాజధాని. నెల్లూరు, కడప, కర్నూలు, బళ్ళారి జిల్లాల మంచిచెడ్డలు చూడవలసిన ప్రభుత్వం ఎండకాలమంతా ఆ చల్లని కొండమీద ఉండేది. 1876–78లో మన సీమను ధాత కరువు పీడించింది. 1877లో కరువుపనులకు వెళ్ళిన మగమనిషికి దినమంతా చాకిరీ చేస్తే ముట్టిన కూలి ఒక పౌను ధాన్యం, ఒక అణా. ఆ యేళ్ళలోనే గవర్నరు బకింగ్‌హామ్ ప్రభువుకు ఉదకమండలంలో కొత్త నివాసభవనం లేచింది. ఆ పూలతోటల అందాన్ని నేను కాదనను. ఆ చల్లదనం ఎవరికి దక్కింది, ఎవరికి దక్కలేదు అన్నది చరిత్ర అడుగవలసిన ప్రశ్న.

స్వాతంత్ర్యం వచ్చాక కూడా గడ్డినేలను మనవారు బంజరుగానే లెక్కగట్టారు. నీలగిరి చెట్లు, తుమ్మజాతి వాటిల్ చెట్లు, తేయాకు ఇంకా విస్తరించినవి. నిజానికి అది బంజరు కాదు. గడ్డీ షోలా కలిసి వాననీటిని పట్టి ఉంచి, మెల్లమెల్లగా భవాని, మోయారు నదులకు వదులుతాయి. ఆ నీరు కావేరికి చేరుతుంది. తోడాలు అర్ధవలయంగా కట్టే పాకలకూ, గుళ్ళకూ ప్రత్యేకమైన గడ్డి కావాలి. గడ్డినేల పోతే మేతతోపాటు గుడి కప్పూ పోతుంది. పచ్చగా ఉన్నదంతా అడవి కాదనీ, చెట్టు లేనిదంతా బీడు కాదనీ ఆ కొండ నేర్పే పాఠం.

ఉదకమండలం వెళ్ళినప్పుడు తోటను తప్పక చూడండి. తోట పైభాగంలో తోడాల మందు ఒకటి ఉన్నది. అది ప్రదర్శనశాల కాదు, మనుషులుండే చోటు. కాబట్టి అతిథులవలె నడుచుకోవాలి. అక్కడ నిలిచి క్రిందికి చూస్తే తోట ఎంత కొత్తదో, ఆ పల్లె ఎంత పాతదో తెలుస్తుంది. ముకుర్తి వైపు మిగిలిన గడ్డికొండలను దూరంనుండి చూసినా చాలు. నీలగిరి అసలు రూపం అదే.