వస్తువుకు ఊరూ పేరూ: చిన్న మ్యూజియాల్లో నిలిచిన నిత్యజీవిత చరిత్ర

మ్యూజియం అనగానే శిల్పాలు, కిరీటాలు, రాజుల ఖడ్గాలు గుర్తుకు వస్తాయి. కానీ మనుషులు నిజంగా ఎలా బతికారో చెప్పేవి ధాన్యం కొలిచిన మానిక, వాకిలి ఊడ్చిన చీపురు, గుర్రానికి వేసిన నాడా, బిడ్డకు తొడిగిన చొక్కా వంటి వస్తువులు. పెద్ద మ్యూజియాల్లో వీటికి దొరికే చోటు తక్కువ. ఒక కుటుంబమో, ఒక ఊరో, ఒక విషాదాన్ని పంచుకున్న బాధితులో వీటిని కూడబెట్టి, రెండు మూడు గదుల్లో ప్రదర్శనకు ఉంచుతున్నారు. దక్షిణాసియాలో ఇలాంటి చిన్న సామాజిక మ్యూజియాలు సామాన్యుల చరిత్రకు ముఖ్యమైన ఆధారాలుగా నిలుస్తున్నాయి.

ఈ సేకరణలకు విలువ తెచ్చేది వస్తువు ఒక్కటే కాదు. దాన్ని ఎవరు వాడారు, ఏ ఊళ్లో వాడారు, ఏ పేరుతో పిలిచారు, ఎందుకు దాచుకున్నారు అన్న సమాచారం తోడుంటేనే అది చరిత్ర అవుతుంది. ఆ సమాచారం పోతే రాగి చెంబు తూకానికి అమ్ముడుపోయే పాత సామాను మాత్రమే.

చట్టం దృష్టిలో పాత వస్తువు

భారత్‌లో పురావస్తువులకు రక్షణ కల్పించే ప్రధాన చట్టం 1972 నాటి పురావస్తువులు, కళాసంపద చట్టం. ఇది 1976 ఏప్రిల్ 5న అమల్లోకి వచ్చింది. నాణేలు, శిల్పాలు, చిత్రాలు, హస్తకళా రూపాలు, గత కాలపు ఆచారాలను తెలిపే వస్తువులు వంటివి పురావస్తువులుగా లెక్కకు రావాలంటే కనీసం 100 ఏళ్ల నాటివై ఉండాలి. చారిత్రక, సాహిత్య, శాస్త్రీయ విలువ గల రాతప్రతులు, పత్రాలకు ఈ గడువు 75 ఏళ్లు. నమోదు నిబంధన సైతం కేంద్రం నోటిఫై చేసిన తరగతులకే వర్తిస్తుంది.

విగ్రహాల అక్రమ రవాణాను అడ్డుకోవడానికి ఈ చట్టం ఆయుధంగా ఉపయోగపడుతోంది. నిత్యం వాడిన వస్తువుల సంగతి వేరు. 1950లలో కొన్న కిరోసిన్ లాంతరుకు ఇంకా నూరేళ్లు నిండలేదు. చీపురు నూరేళ్లు బతకనే బతకదు. పైగా ఇంటి సామానుకు అసలు ముప్పు దొంగల నుంచి కాదు, పాత సామాన్ల బండి నుంచి. పాత ఇత్తడికి కొత్త స్టీలు గిన్నెలు మార్చుకున్న దశాబ్దాల్లో ఎన్నో పాత్రలు కొలిమికి చేరాయి. ఇలాంటి చోట చట్టం చేయగలిగింది తక్కువ. ఎవరో ఒకరు వాటిని విలువైనవిగా గుర్తించి పక్కన పెట్టడమే మిగిలిన దారి.

కార్గిల్: సరాయిలో నిద్రించిన వ్యాపార చరిత్ర

లద్దాఖ్‌లోని కార్గిల్ పేరు వినగానే 1999 నాటి యుద్ధం గుర్తుకు వస్తుంది. అంతకు ముందు, ఎన్నో తరాల పాటు, అది బిడారుల కూడలి. శ్రీనగర్, లేహ్, స్కర్దూ పట్టణాలు మూడూ అక్కడికి దాదాపు 200 కిలోమీటర్ల దూరంలో ఉంటాయి. కశ్మీర్, పంజాబ్ నుంచి బయలుదేరిన సరుకు ఈ దారుల్లోనే లేహ్ మీదుగా మధ్య ఆసియాలోని యార్కంద్‌కు వెళ్లేది. అటు నుంచి పట్టు, తివాచీలు, గుర్రాలు వచ్చేవి. మున్షీ అజీజ్ భట్ అనే వ్యాపారి 1920లో కార్గిల్‌లో ఒక సరాయి కట్టించారు. బాటసారులు, వారి జంతువులు, సరుకుల మూటలు అన్నింటికీ అందులో చోటు ఉండేది.

దేశ విభజన, 1947-48 యుద్ధంతో స్కర్దూ దారి మూసుకుపోయింది. చైనాలో 1949 నాటి మార్పుల తర్వాత యార్కంద్ వ్యాపారమూ ఆగిపోయింది. తీసుకువెళ్లేవారు లేని సరుకు సరాయి గదుల్లోనే మిగిలింది. దశాబ్దాల తర్వాత ఆ కుటుంబ వారసులు దాన్ని వెలికితీసి, 2004లో మున్షీ అజీజ్ భట్ మ్యూజియంను ఏర్పాటు చేశారు. గుర్రపు జీనులు, నాడాలు, తివాచీలు, వంటపాత్రలతో పాటు విదేశాల నుంచి వచ్చిన సబ్బులు, పళ్లపొడి, బట్టల రంగుల వంటి సరుకులు అక్కడ కనిపిస్తాయి.

వీటిలో ఏ ఒక్కటీ అరుదైన కళాఖండం కాదు. అయితే వాటితో పాటు వ్యాపార ఉత్తరాలు, లెక్కల పుస్తకాలు కూడా దొరికాయి. ఏ సరుకు ఎక్కడి నుంచి బయలుదేరింది, ఎవరి చేతికి చేరవలసి ఉంది అన్న ప్రశ్నలకు ఆ కాగితాల్లో సమాధానం వెతకవచ్చు. సబ్బు ఒక్కటే దొరికి ఉంటే అది పాత సబ్బుగానే మిగిలేది. లెక్కల పుస్తకం పక్కన చేరాక, హిమాలయాల మధ్యనున్న ఒక చిన్న పట్టణం ప్రపంచ మార్కెట్‌తో ఎలా ముడిపడిందో చెప్పే సాక్ష్యమైంది.

అహ్మదాబాద్, జోధ్‌పుర్: పాత్రలు, చీపుర్లు

అహ్మదాబాద్‌లోని విశాలా ప్రాంగణంలో 1981లో ఏర్పడిన 'వేచార్' పాత్రల మ్యూజియంలో నాలుగు వేలకు పైగా వస్తువులు ఉన్నాయి. రాగి, ఇత్తడి, కంచు బిందెలు, నీటి కూజాలు, అడకత్తెరలు, తాళాలు, దీపాలు ఇందులో ఉన్నాయి. వ్యవస్థాపకుడు సురేంద్ర పటేల్. సేకరణకు మ్యూజియం రూపం ఇవ్వడంలో మానవశాస్త్ర నిపుణుడు జ్యోతీంద్ర జైన్ తోడ్పడ్డారు. ఒకే పనికి ఉద్దేశించిన పాత్ర ప్రాంతాన్ని బట్టి ఎలా రూపు మార్చుకుంటుందో ఇక్కడ గమనించవచ్చు. తలపై మోసే బిందె మెడ, చంకన పెట్టుకునే బిందె నడుము ఒకే తీరుగా ఉండవు. నీళ్ల కోసం ఎంత దూరం నడవాలి, బావిలోంచి ఎలా తోడాలి అన్నవే పాత్ర ఆకారాన్ని నిర్ణయిస్తాయి.

రాజస్థాన్‌లోని జోధ్‌పుర్ సమీపంలో మోక్లావాస్ గ్రామం వద్ద ఉన్న 'అర్నా ఝర్నా' ఎడారి మ్యూజియం మరో అడుగు ముందుకు వేసింది. జానపద విజ్ఞాన పరిశోధకుడు కోమల్ కోఠారీ (1929-2004) ఆలోచనలోంచి పుట్టిన ఈ మ్యూజియం తన ప్రధాన సేకరణగా ఎంచుకున్నది చీపురును. రాజస్థాన్‌లోని వివిధ ప్రాంతాల నుంచి గడ్డితో, ఈత ఆకుతో, వెదురుతో, ఎడారి పొదల పుల్లలతో కట్టిన చీపుర్లను ఇక్కడ సేకరించారు. ఇంటి లోపల వాడే మెత్తని చీపురు వేరు, వాకిలి, కళ్లం ఊడ్చే గట్టి చీపురు వేరు. ఏ నేలలో ఏ గడ్డి పెరుగుతుంది, ఎక్కడ ఏ పంట పండుతుంది అన్నది చీపురును చూసి చెప్పవచ్చు.

చీపురులో సామాజిక చరిత్ర కూడా దాగి ఉంది. చీపురును కాలితో తొక్కకూడదని, అది లక్ష్మి అని తెలుగిళ్లలో చెబుతారు. రాజస్థాన్‌లోనూ ఇలాంటి నమ్మకాలు ఉన్నాయి. వస్తువుకు ఇంత గౌరవం ఇచ్చిన సమాజం దాన్ని కట్టి అమ్మే కుటుంబాలను మాత్రం ఊరి అంచునే ఉంచింది. అందుకే అర్నా ఝర్నా నిర్వాహకులు చీపుర్లతో పాటు వాటిని తయారు చేసేవారి జీవిత విశేషాలను సైతం నమోదు చేశారు.

భోపాల్, అమృత్‌సర్: విషాదానికి సాక్షులు

1984 డిసెంబరు 2 అర్ధరాత్రి భోపాల్‌లోని యూనియన్ కార్బైడ్ కర్మాగారం నుంచి విషవాయువు వెలువడి వేలమంది ప్రాణాలు కోల్పోయారు. ముప్పై ఏళ్ల తర్వాత, 2014 డిసెంబరులో, బాధితుల భాగస్వామ్యంతో 'రిమెంబర్ భోపాల్' మ్యూజియం ప్రారంభమైంది. ప్రభుత్వం నుంచి గానీ, కార్పొరేట్ సంస్థల నుంచి గానీ ధనసహాయం తీసుకోకూడదన్నది నిర్వాహకుల నిర్ణయం. చనిపోయిన బిడ్డల దుస్తులు, కుటుంబాల ఫొటోలు, పోరాటానికి సంబంధించిన వస్తువులు ఇక్కడ ఉన్నాయి. వాటి పక్కనే ఆ వస్తువులు ఇచ్చినవారి గొంతులు రికార్డుల్లో వినిపిస్తాయి. బిడ్డ గౌనుకు వివరణ రాసే హక్కు ఆ బిడ్డ తల్లికే ఎక్కువ అన్నది ఈ పద్ధతి చెప్పే మాట.

అమృత్‌సర్ టౌన్‌హాల్‌లో 2017 ఆగస్టు 17న పూర్తి స్థాయిలో ప్రారంభమైన విభజన మ్యూజియం పరిమాణంలో పెద్దదే అయినా, దాని సేకరణకు పునాది కుటుంబాలు ఇచ్చిన వస్తువులే. 1947లో సరిహద్దు రేఖను ప్రకటించింది ఆగస్టు 17నే. ఈ మ్యూజియంలో ఒక ఫుల్కారీ కోటు, ఒక తోలు సంచి సందర్శకులను ఎక్కువగా ఆకట్టుకుంటాయి. కోటు ఒక యువతిది, సంచి ఒక యువకుడిది. పెళ్లి కుదిరిన ఆ ఇద్దరూ విభజన అల్లకల్లోలంలో వేర్వేరుగా సరిహద్దు దాటారు. అమృత్‌సర్ శరణార్థి శిబిరంలో తిండి కోసం నిలబడిన వరుసలో మళ్లీ కలుసుకుని, 1948లో పెళ్లి చేసుకున్నారు. ఈ కథ తెలియనివారికి అది కుట్టుపని చేసిన ఒక కోటు, ఒక పాత సంచి మాత్రమే.

మానిక చెప్పే లెక్క

తెలుగు ప్రాంతాల్లో ఇదే విషయాన్ని కొలపాత్రలు రుజువు చేస్తాయి. 1956 నాటి తూనికలు, కొలతల ప్రమాణాల చట్టం తర్వాత 1958 నుంచి దేశంలో మెట్రిక్ పద్ధతి దశలవారీగా అమల్లోకి వచ్చింది. అంతకు ఏడాది ముందు, 1957 ఏప్రిల్ 1న, పదహారణాల రూపాయి నూరు నయా పైసల రూపాయిగా మారింది. దాంతో గిద్ద, సోల, తవ్వ, మానిక, కుంచం వంటి పాత్రలు అంగడి నుంచి అటకకు చేరాయి.

ఆంధ్ర ప్రాంతంలో వాడుకలో ఉన్న ఒక లెక్క ప్రకారం నాలుగు గిద్దలు ఒక సోల, రెండు సోలలు ఒక తవ్వ, రెండు తవ్వలు ఒక మానిక, నాలుగు మానికలు ఒక కుంచం, నాలుగు కుంచాలు ఒక తూము, ఇరవై తూములు ఒక పుట్టి. ఈ వరస అన్ని చోట్లా ఒకటి కాదు. ఒక సీమలోని మానిక మరో సీమలోని మానికతో సరిపోయేది కాదు. కాబట్టి మ్యూజియంలో ఇత్తడి మానికను ఉంచి 'పాతకాలపు కొలపాత్ర' అని రాస్తే చెప్పింది ఏమీ లేనట్టే. అది ఏ ఊరి మానికో తెలిస్తే అందులో పట్టే ధాన్యాన్ని కొలిచి, ఆ ఊళ్లో కూలి ఎంతో, కౌలు ఎంతో, అప్పు ఎంతో లెక్కకట్టవచ్చు. పాత దస్తావేజులో 'రెండు పుట్లు' అని రాసి ఉంటే దాని అసలు పరిమాణం ఆ పాత్రతోనే తేలుతుంది.

తెలుగిళ్లలోని పాత పాత్రలకు మరో విశేషం ఉంది. పెళ్లిళ్లలో, గృహప్రవేశాల్లో ఇచ్చే పాత్రలపై ఇచ్చినవారి పేరు, ఒక్కోసారి తేదీ, చెక్కించడం ఆనవాయితీ. అలాంటి బిందె తన వివరాలను తానే మోసుకొస్తుంది.

నమోదు ఎలా?

వస్తువు మ్యూజియంలో చేరిన రోజే దానికి ఒక సంఖ్య ఇచ్చి చేరిక పుస్తకంలో రాయడం మొదటి పని. ఇచ్చినవారు, తెచ్చిన ఊరు, తేదీ, స్థానికంగా పిలిచే పేరు, తయారైన పదార్థం, కొలతలు, వాడిన తీరు, మరమ్మతుల జాడలు అందులో ఉండాలి. అదే సంఖ్యను వస్తువుపై కంటికి ఆనని చోట రాయాలి లేదా పత్తిదారంతో చీటీ కట్టాలి. ఫొటోలో కొలబద్ద పక్కన ఉంటే పరిమాణం తెలుస్తుంది. వాడినవారు జీవించి ఉంటే వారి మాటలను వారి యాసలోనే రికార్డు చేయడం మేలు.

శుభ్రపరిచే విషయంలో తొందరపాటు నష్టం చేస్తుంది. చింతపండుతో తోమితే ఇత్తడి మెరుస్తుంది, కానీ పులుపు లోహాన్ని కొద్దికొద్దిగా కరిగిస్తుంది. తోమిన కొద్దీ చెక్కిన అక్షరాలూ అరిగిపోతాయి. పొడి బ్రష్‌తో దుమ్ము దులిపి, తేమ తగలని చోట ఉంచడం సురక్షితం. గుడ్డలు, కాగితాలకు ఎండ, చెదలు ప్రధాన శత్రువులు. సాన వల్ల పడ్డ గీత, మాసిన పిడి, అతుకు వేసిన అడుగు లోపాలు కావు. అవి వాడకానికి గుర్తులు.

సొంత భవనం, స్థిరమైన ఆదాయం లేకపోవడం చిన్న మ్యూజియాలను వేధించే సమస్య. వ్యవస్థాపకుల తర్వాత బాధ్యత తీసుకునేవారు లేక సేకరణలు చెదిరిపోయే ముప్పు ఎప్పుడూ ఉంటుంది. నమోదైన సొసైటీలు, ట్రస్టులు కేంద్ర సాంస్కృతిక మంత్రిత్వ శాఖ మ్యూజియం గ్రాంటు పథకానికి దరఖాస్తు చేసుకోవచ్చు. 2022 ఆగస్టులో ప్రేగ్‌లో అంతర్జాతీయ మ్యూజియాల మండలి ఆమోదించిన కొత్త నిర్వచనం సమాజాల భాగస్వామ్యాన్ని మ్యూజియం లక్షణాల్లో ఒకటిగా పేర్కొంది.

నిధుల కొరత కంటే వేగంగా కరిగిపోతున్నది జ్ఞాపకం. మానికతో ధాన్యం కొలిచినవారు, అణాలతో సరుకు కొన్నవారు ఇప్పుడు వృద్ధాప్యంలో ఉన్నారు. లోహపు పాత్ర మరో వందేళ్లు నిలబడుతుంది. అది ఏ ఇంటిదో, ఏ పనికి వాడారో చెప్పగల మనిషి అంతకాలం ఉండరు. వస్తువు పక్కన రాసే నాలుగు వరుసల చీటీకి గడువు ఉన్నది అందుకే.