‘ఉచితం’ – ‘స్వేచ్ఛ’: ఒక శ్లేష, ఒక అనువాద సమస్య

సాంకేతిక పదాల అనువాదంలో హాస్యం ఎంతవరకు నిలుస్తుందో పరిశీలించడానికి ‘ఫ్రీ సాఫ్ట్‌వేర్’ మంచి ఉదాహరణ. రిచర్డ్ స్టాల్‌మన్ 1983లో ‘గ్నూ’ ప్రణాళికను ప్రకటించాడు. ‘గ్నూ యూనిక్స్ కాదు’ అనే వాక్యపు ఆంగ్ల రూపంలోని తొలి అక్షరాలే ఆ పేరు. విప్పినకొద్దీ అందులో మళ్లీ ఆ పేరే ఎదురవుతుంది. ప్రోగ్రామర్ల హాస్యధోరణి ఇందులో స్పష్టం.

ఉద్యమం పేరులోని శ్లేష మాత్రం చిక్కులు తెచ్చింది. ఆంగ్లంలో ‘ఫ్రీ’ అంటే వెల లేనిది, స్వేచ్ఛ గలది అని రెండర్థాలు. తాను కోరేది వాక్స్వాతంత్ర్యం వంటి స్వేచ్ఛ గాని, డబ్బు చెల్లించనక్కరలేని బీరు కాదని స్టాల్‌మన్ పదేపదే వివరించవలసి వచ్చింది.

తెలుగులో ఈ శ్లేష నిలవదు. హైదరాబాదు కేంద్రంగా పనిచేస్తున్న ఉద్యమ సంస్థ ‘స్వేచ్ఛ’ అన్న పేరుతోనే రెండవ అర్థాన్ని గ్రహించింది. చమత్కారం పోయినా అర్థం తేటపడింది.

‘ఉచితం’ అన్న మాటకూ రెండర్థాలున్నాయి. ‘ఔచిత్యం’, ‘ఉచితానుచితాలు’ అన్న చోట్ల ‘తగినది’ అనే సంస్కృతార్థం నిలిచింది. వాడుకలో వెల లేనిదే ఉచితం. కాబట్టి ‘ఉచిత సాఫ్ట్‌వేర్’ అన్న అనువాదం ధరను చెప్పి, పరిశీలించి మార్చుకొనే, పంచుకొనే హక్కులను మరుగుపరుస్తుంది.

ఈ భేదం లిపికీ వర్తిస్తుంది. పాలమూరు ప్రాంతీయుడైన సురవరం ప్రతాపరెడ్డి (1896–1953) పేరిట వెలువడిన ‘సురవరం’ ఖతిని లైసెన్సు షరతులకు లోబడి ఎవరైనా మార్చి పంచవచ్చు. మార్చే హక్కు లేని ఖతి వెల లేకుండా దొరికినా, అందులో తప్పిన వత్తును వాడుకరి సరిదిద్దలేడు. శ్లేషను వదలి హక్కును నిలుపుకోవడమే ఇక్కడ ఔచిత్యం.